చవగ్గా వస్తోందని చూసిన పాత ఇల్లు: కొనేలోపు ఆరు వారాలు

హాల్లో మూడు గోడలకు పాత రంగే ఉంది, నాలుగో గోడ మాత్రం నిన్నగాక మొన్న వేసినట్టు మెరిసిపోతోంది. "చూడండి మేడమ్, ఎంత నీట్‌గా ఉంచారో" అన్నాడు బ్రోకర్. నేనూ అవునవునన్నాను, ఎందుకంటే అప్పటికే మనసులో ఆ ఇల్లు కొనేసి ఆ గోడ పక్కన సోఫా కూడా వేసేశాను. సిటీ మధ్యలో నలభై ఏళ్ళు దాటిన ఇల్లు. కొని, బాగుచేయించి, కొన్నేళ్ళు అద్దెకిచ్చి, మంచి ధర వస్తే అమ్మేద్దామని మా ఆలోచన.

ఆ రాత్రి నేనూ మా ఆయనా కాగితం మీద లెక్క వేశాం. చెప్పిన ధర 100 అనుకోండి, అసలు అంకెలతో మీకు పనిలేదు. అదే వీధిలో బాగుచేసి ఉన్న ఇళ్ళు 140కి పోతున్నాయి. రంగులు, బాత్రూమ్‌లు, వంటగది, ఫ్లోరింగ్ అన్నీ కలిపి 15 అనుకున్నాం, అంటే 25 మిగులు! ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, అందులో రాసినవన్నీ కంటికి కనిపించేవే.

రెండోసారి గట్టి వాన పడిన మర్నాడు కావాలనే వెళ్ళాను. మెరిసిన గోడ కింద మోకాలెత్తున రంగు బుడగలొచ్చింది, గోరుతో గీస్తే పొడి ఉప్పు రాలింది. చెమ్మ అనగానే కంగారు పడక్కర్లేదు, ఎక్కణ్ణుంచి వస్తోందన్నది ముఖ్యం. నేలలోంచి పైకెక్కే చెమ్మయితే గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉంటుంది, దాన్ని ఆపడం పెద్ద పని. ఇక్కడ మాత్రం ఒక మూల ఎక్కువగా, పోనుపోను తక్కువగా ఉంది. గోడకు అవతల ఏముందా అని చూస్తే బాత్రూమ్, సరిగ్గా ఆ మూలలోనే కుళాయి. పైపు లీకవుతోందన్నమాట. నిజం చెప్పాలంటే చెమ్మ కంటే, దాన్ని రంగుతో కప్పేశారే అన్నదే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఇంకా ఏమేం కప్పారో అని.

తెలిసిన మేస్త్రీ ఒకాయన ఊరికే చూసి చెప్తానన్నాడు. మంచివాడే, కానీ ఇల్లు కొంటే పని తనకే వస్తుందని ఆశ ఉన్న మనిషి "వద్దు" అని చెప్పడం కష్టం కదా. అందుకే ఫీజిచ్చి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను తీసుకెళ్ళాం. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అతి తెలివైన ఖర్చు అదే.

ఆయన లోపలికి రాగానే గోడలు చూడలేదు, తలెత్తి శ్లాబు చూశాడు. వెనక గదిలో ఒకచోట పెచ్చులూడి చువ్వ బయటపడింది. నేనైతే ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందనుకున్నా. ఆయన చిన్న సుత్తితో ఆ చుట్టూ తడుతూ వెళ్ళాడు, టక్ టక్ అని గట్టిగా వినిపిస్తున్నది కాస్తా ఒక్కసారిగా డొల్ల శబ్దమైంది, పెచ్చు ఊడిన దగ్గర్నుంచి మూడడుగుల దూరం దాకా. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుందట, లోపల ఉబ్బి ఉబ్బి కాంక్రీటును తనే బయటికి తోసేస్తుంది. పైన ప్లాస్టరింగ్ చేస్తే అదీ కొన్నాళ్ళకు ఊడిపడుతుంది. తర్వాత చిన్న ముక్క పగలగొట్టి, ఆ తాజా పగులు మీద సీసాలోంచి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లాడు (స్కూల్ ల్యాబ్‌లో ఆమ్లాలు, క్షారాలు అని చేయించేవారే, అదే). లోపలంతా గులాబీ రంగుకు మారింది, పైభాగం మాత్రం రంగు మారకుండా అలాగే ఉండిపోయింది. కాంక్రీటులో క్షారగుణం ఉన్నంతకాలం చువ్వకు రక్షణ, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి చేరేకొద్దీ అది పోతుంది. రంగు మారని పొర చువ్వ దాకా చేరిందంటే ప్రమాదమే. వెనక గదిలో చేరింది. ముందు గదుల్లో మరో రెండు చోట్ల చూశాడు, ఇంకా చేరలేదు. ఇల్లంతా పోయినట్టు కాదు, వెనక గది శ్లాబు మాత్రం పోయినట్టే.

పడకగది కిటికీ మూలనుంచి ఏటవాలుగా ఒక బీట ఉంది. వెడల్పు 2 మిల్లీమీటర్లు. దాని అంచుల్లో దుమ్ము, పాత రంగు పేరుకుని ఉన్నాయి కాబట్టి ఎప్పటిదో కావచ్చన్నాడు, తాజా బీట అయితే అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటాయి. అయినా నమ్మకం కోసం రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయమన్నాడు. "వారానికోసారి వచ్చి చూడండి, గీత దాటితే నాకు ఫోన్ చేయండి." బ్రోకర్‌కు ఒళ్ళు మండిపోయింది, ఇంకో పార్టీ రెడీగా ఉందని రోజూ ఫోన్. నాకు టెన్షనే, కానీ అంత రెడీగా ఉన్న పార్టీ ఆరు వారాలైనా రాలేదు. బీట కూడా గీత దాటలేదు.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎర్తింగ్ లేదు, వైర్లు పాత అల్యూమినియంవి, మొత్తం మార్చాల్సిందే. నీళ్ళ పైపులు జి.ఐ., అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు. ఒక కుళాయి తిప్పితే ధార బానే ఉంది, మూడూ ఒకేసారి తిప్పితే దారంలా సన్నబడింది, లోపల తుప్పుతో పూడుకుపోయాయన్నమాట. చూడటానికి వెళ్ళినప్పుడు అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి, సిగ్గుపడకండి.

కాగితాల దగ్గర ఇంకో ముడి పడింది. అమ్మేవాళ్ళ పేరు మీదే ఉంది, అప్పులు, తాకట్టు లేవు, పన్ను కట్టేశారు. కానీ అనుమతి పొందిన ప్లాన్‌లో ఆ వెనక గది లేనేలేదు! తర్వాతెప్పుడో వేసుకున్నారు. బ్యాంకు తన విలువ కట్టేటప్పుడు ఆ గదిని అసలు లెక్కలోకి తీసుకోలేదు. అంటే పోయిన శ్లాబూ అదే, లేని గదీ అదే. దానికి డబ్బు పెట్టి బాగుచేయించడం కంటే తీసేయడమే నయమని ఇంజినీర్ అన్నప్పుడు నాకు ప్రాణం చివుక్కుమంది, బ్రోకర్ చెప్పిన మూడు పడకగదుల్లో అదొకటి.

మళ్ళీ కాగితం తీశాం. ఈసారి చివర్నుంచి మొదలుపెట్టాం. గది ఒకటి తగ్గితే బాగుచేశాక 140 రాదు, 132 అనుకున్నాం. రిపేర్లు 27. రిజిస్ట్రేషన్, లోన్ వడ్డీ, ఇల్లు ఖాళీగా ఉండే నాలుగు నెలలు కలిపి 10. అనుకోని ఖర్చుకు 5. మొత్తం తీసేస్తే 90 మిగిలింది, అంటే 90కి కొన్నా మనకు వచ్చేది సున్నా. పాత ఇళ్ళు కొని వెంటనే అమ్మే వ్యాపారం చేసేవాళ్ళు బాగుచేశాక వచ్చే ధరలో 70 శాతం లోంచి రిపేర్లు తీసేసి, అంతకు మించి పెట్టకూడదంటారు. ఆ లెక్కన 65. ఆ ధర నోటితో అడిగే ధైర్యం మాకు లేదు, పైగా మేం వెంటనే అమ్మేవాళ్ళం కాదు, అద్దె వస్తుంది.

రిపోర్టు ఓనర్ గారి ముందు పెట్టి 72 అన్నాం. ఆయన లేచి వెళ్ళిపోయారు. తొమ్మిది రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. 78 దగ్గర కుదిరింది. గోడకు రంగేసి దాచిన మనిషి మీద కోపం ఉండేది గానీ, "నేనూ ఇలాగే కొన్నానమ్మా, నాకెవరూ చూసి చెప్పలేదు" అన్నప్పుడు ఏమనాలో తోచలేదు.

ఇంత చూసీ ఒకటి వదిలేశాం. డ్రైనేజీ. కుళాయిలు తిప్పాం గానీ ఆ నీళ్ళు పోయే దారి చూడలేదు. పని మొదలైన రెండో వారంలో బాత్రూమ్ నీళ్ళు వెనక్కి తన్నాయి. తవ్వితే పాత మట్టి గొట్టాల అతుకుల్లోంచి చెట్టు వేళ్ళు దూరి జడలా అల్లుకుపోయి ఉన్నాయి. ఇంటి నుంచి వీధి లైను దాకా మొత్తం మార్చాల్సి వచ్చింది. పొరలు పొరలుగా ఇంకొన్ని బయటపడి రిపేర్లు 33 అయ్యాయి, నాలుగు నెలల పని ఏడు నెలలు పట్టింది, ఆ వడ్డీతో పైఖర్చులు 12కి చేరాయి. మొత్తం 123. నిరుడు బ్యాంకు వాళ్ళు విలువ 131 కట్టారు.

ఇప్పుడు అద్దెకున్నవాళ్ళు కిటికీ పక్కన ఆ పెన్సిల్ గీతలేంటని అడిగారు. బీట పూడ్పించి రంగు వేయించాక నేనే మళ్ళీ గీసినవి అవి. అద్దె తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఒకసారి చూసొస్తుంటాను.