రోద్చెంకో తలెత్తి చూసిన మాస్కో

మాస్కోలో చిస్తియే ప్రుదీ మెట్రో స్టేషన్ దగ్గర దిగి, మ్యాస్నిత్స్కాయా వీధిలో లుబ్యాంకా వైపు కొంచెం నడిస్తే పాత సెంట్రల్ పోస్టాఫీసు వస్తుంది. దాని ఎదురు వరసలో, సందు మూలన స్తంభాలతో గుండ్రంగా ముందుకొచ్చిన పాత మేడ ఒకటుంది. నంబరు 21. ఆ పక్కనే చైనా అలంకారాలతో మెరిసే పెర్లోవ్ టీ కొట్టు ఉండటంతో యాత్రికుల ఫోన్లన్నీ అటే తిరుగుతాయి. నేను మాత్రం ఈ 21 కోసమే వెళ్ళాను. సోవియట్ కాలపు కళాకారుడు, డిజైనర్, ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ రోద్చెంకో పాఠాలు చెప్పిందీ, కాపురం పెట్టిందీ, ప్రపంచం ఇప్పటికీ మర్చిపోని ఫోటోలు కొన్ని తీసిందీ ఈ ఆవరణలోనే.

పత్రికల పేజీలు డిజైన్ చేసే పని నాది. దట్టమైన అక్షరాలు, ఎరుపూ నలుపూ దిమ్మెలు, ఫోటోలోంచి కత్తిరించి అతికించిన మొహాలు మేం రోజూ వాడేవే. వీటిలో చాలావాటికి 1920లలో దారి వేసినవాళ్ళలో రోద్చెంకో ముఖ్యుడు. పేరు తెలియనివాళ్ళకు కూడా ఆయన పని తెలుసు. నాకు దారి చూపించడానికి వచ్చిన కుర్రాడు మన విజయవాడవాడే, రష్యాలో మెడిసిన్ చదువుతున్నాడు. తలకు గుడ్డ కట్టుకున్న లీల్యా బ్రిక్ (రష్యన్ కవి మయకోవ్‌స్కీ ప్రేయసి) నోటి పక్కన చెయ్యి పెట్టుకుని అరుస్తున్న పోస్టరు ఫోన్లో చూపించాను. “ఇది తెలుసన్నా! మా కాలేజీ ఫెస్ట్‌కి ఇలాగే చేశారు. అసలుది ఎవరిదో తెలీదు” అన్నాడు. ప్రభుత్వ ప్రచురణ సంస్థ లెన్‌గీజ్ కోసం 1924లో చేసిన పోస్టరు అది. ఆమె నోట్లోంచి త్రికోణంలా దూసుకొచ్చే మాట ‘పుస్తకాలు!’ అని. 2005లో స్కాట్లండ్ రాక్ బ్యాండ్ ఒకటి దాన్నే మార్చి తమ ఆల్బమ్ అట్టకు వాడుకుంది.

వీధివైపు మేడలో ఒకప్పుడు చిత్రకళా పాఠశాల ఉండేది. కవి పాస్తర్నాక్ తండ్రి అక్కడే పాఠాలు చెప్పేవాడు కాబట్టి పాస్తర్నాక్ బాల్యం కూడా ఈ ఆవరణలోనే గడిచింది. విప్లవం తర్వాత అదే వ్హుతేమాస్ అయింది. కొత్త కళ, డిజైన్ నేర్పే బడి. రోద్చెంకో 1920 నుంచి అక్కడ పనిచేశాడు. ఆయనా, భార్య వర్వారా స్తెపనోవా వెనక ఉన్న అపార్ట్‌మెంట్లలో ఉండేవారు. ఎవరో లోపలికి వెళ్తూ గేటు తెరిస్తే, అడిగి మేమూ వెళ్ళాం.

ఎంత మామూలు చోటో! కార్లు, సైకిళ్ళు, చెత్త డబ్బాలు. గోడ కానుకుని నిలబడి తలెత్తి చూశాను. బాల్కనీలు ఒకదాని మీద ఒకటి ఆకాశంలోకి జరుగుతూ పోతున్నాయి. 1925లో ఆయన తీసిన బాల్కనీల ఫోటోలు, అగ్నిప్రమాదమైతే దిగడానికి గోడకు పెట్టే ఇనుప మెట్ల మీద మనిషి ఎక్కుతున్న ఫోటో ఇక్కడివే. వాటికోసం ఆయన ఏ దూరదేశమూ పోలేదు, తన ఇంటి కిందే నిలబడ్డాడు. కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని ఎదురుగా ఉన్నది తీయడం అలవాటైపోయిందని, ఆ అలవాటు మన చూపును చంపేస్తోందని ఆయన వాదన. పైనుంచి చూడు, కిందనుంచి చూడు, ఒకే వస్తువును పది వైపుల నుంచి తియ్యి అని 1928లో వ్యాసమే రాశాడు. అదే ఏడాది ఒక ఫోటో పత్రిక ఆయన్ని పాశ్చాత్యుల్ని కాపీ కొడుతున్నాడని నిందించింది. నా ఉద్దేశంలో అది అన్యాయం. ఆ గోడ కింద నిలబడినవాళ్ళకు ఆ చూపు ఎక్కడ పుట్టిందో వెంటనే అర్థమవుతుంది. పీటర్స్‌బర్గ్‌లో నాటకశాల పైనున్న ఇంట్లో పుట్టినవాడాయన. తండ్రి నాటక సామగ్రి చేసేవాడు, తల్లి బట్టలుతికేది. కళ్ళజోడులో ఒక అద్దాన్నే కంటికి పెట్టుకుని చదువుతున్న ఆ తల్లి ఫోటో (1924) నాకు ఆయన పోస్టర్లన్నిటికంటే ఇష్టం.

అక్కడి నుంచి అర్బాత్ దగ్గరి కలాష్నీ సందుకు వెళ్ళాం. అక్కడ మోసెల్‌ప్రోమ్ అనే ప్రభుత్వ ఆహార సరుకుల సంస్థ భవనం గోడల నిండా బిస్కెట్లు, సిగరెట్లు, బీరు, ఈస్ట్ ప్రకటనలే. నినాదం మయకోవ్‌స్కీది, గోడ బొమ్మలు రోద్చెంకో, స్తెపనోవాలవి. ఇప్పుడు కనిపించేది తర్వాత మళ్ళీ వేసిన రంగే. అయినా నీలం గోడ మీద ఆ పెద్ద అక్షరాలు వీధి చివరి నుంచే పిలుస్తాయి. మయకోవ్‌స్కీ, రోద్చెంకో ఇద్దరూ కలిసి తమను ప్రకటనల నిర్మాతలమని చెప్పుకునేవారు. శ్రీశ్రీ ద్వారా మయకోవ్‌స్కీ పేరు విన్న మన పాఠకులు, ఆయన సరుకులు అమ్మే నినాదాలు కూడా అంతే శ్రద్ధగా రాశాడని తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత షాబలోవ్కా వీధిలో ఇంజనీరు షుఖొవ్ కట్టిన రేడియో టవర్‌ని కంచె బయటి నుంచే చూశాం. 1929లో రోద్చెంకో దాన్ని కింద నిలబడి తీశాడు.

సాయంత్రం టీ తాగుతూ కుర్రాడు అడిగాడు: “ఇంత చేశాడు కదన్నా, బాగానే బతికాడా?” లేదు. 1933లో శ్వేత సముద్రపు కాలువ తవ్వకం ఫోటోలు తీయడానికి ఆయన్ని పంపారు. తవ్వింది ఖైదీలు. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆయన ఫోటోల్లో మాత్రం ఆ మనుషులు పనిచేసి మారిపోతున్నట్టే కనిపిస్తారు. సంగీత బృందం వాయిస్తూ ఉంటుంది. అంత గొప్పగా కూర్చిన ఫోటోలు కాబట్టే నన్ను మరింత బాధపెట్టాయి. తర్వాత ఉజ్బెకిస్తాన్ పదేళ్ళ వేడుక కోసం స్తెపనోవాతో కలిసి ఒక ఆల్బమ్ డిజైన్ చేశాడు. అందులోని నాయకుల్ని స్టాలిన్ ప్రభుత్వం చంపేశాక, తన సొంత ప్రతిలో వాళ్ళ మొహాల మీద చిక్కటి నల్ల సిరా పూశాడు. బ్రిటిష్ డిజైనర్ డేవిడ్ కింగ్ ఆ ప్రతిని మాస్కోలో ఆయన స్టూడియోలోనే చూసి లోకానికి చూపించాడు. 1951లో రోద్చెంకోను కళాకారుల సంఘం నుంచి తీసేశారు. తర్వాత తిరిగి చేర్చుకున్నారు గానీ, 1956 డిసెంబరులో పోయాడు.

పేరు నిలిచిందంటే ఆ ఇంట్లోవాళ్ళ చలవే. కూతురు, మనవడు నెగటివ్‌లు, ఉత్తరాలు, స్కెచ్‌లు పోనివ్వలేదు. 1998లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో పెద్ద ప్రదర్శన జరిగింది. 2006 నుంచి మాస్కోలో ఫోటోగ్రఫీ బడి ఒకటి ఆయన పేరుతో నడుస్తోంది. ఇవన్నీ విని కుర్రాడు సిరా పూసిన పేజీలు నెట్‌లో వెతికి చాలాసేపు చూశాడు. రోద్చెంకో ప్రదర్శన ఏ ఊళ్ళో పెట్టినా లీల్యా బ్రిక్ పోస్టరు పక్కన ఆ పేజీ కూడా తగిలించాలని నా కోరిక.