ఉగ్గుగిన్నె

"నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఏమిటే?" అంది అమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల కూడా ఎత్తకుండా. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటానన్నందుకు ఆ మాట. అప్పటికి నాకు 44 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 109 కిలోలు. మధుమేహానికి మూడు రకాల మాత్రలు. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా రాత్రంతా ముక్కుకు తగిలించుకునే యంత్రం. పెళ్లికి వెళితే వధూవరుల కంటే ముందు కుర్చీలను చూసేదాన్ని, ప్లాస్టిక్‌వా, ఇనపవా అని.

నోరు కట్టుకోలేదా? పదిహేనేళ్లలో నాలుగుసార్లు కట్టుకున్నాను. ఒకసారి 14 కిలోలు తగ్గి, ఏడాది తిరగకుండా 16 పెరిగాను. బరువు తగ్గగానే ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయనీ, పోయినదాన్ని శరీరమే వెనక్కి లాక్కుంటుందనీ డాక్టరు చెప్పినప్పుడు ఏడుపొచ్చింది. అన్నేళ్లూ నాది తిండిపోతుతనమే అనుకున్నాను మరి.

మొదట జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేసే స్లీవ్ పద్ధతి అనుకున్నాం. నాకేమో రాత్రిళ్లు గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్నేవి. ఎండోస్కోపీ చూసి, స్లీవ్ చేస్తే ఆ బాధ ముదరవచ్చు, బైపాస్ మేలన్నారు. అంటే జీర్ణాశయంలో కోడిగుడ్డంత సంచి విడదీసి, దాన్ని చిన్నపేగుకు కలిపేస్తారు. ఐరన్, కాల్షియం, బి12 బతికినంత కాలం వేసుకోవాలి. ఆ "బతికినంత కాలం" దగ్గరే నేను ఆగిపోయాను. మూడు నెలలు గడువు అడిగాను.

ఆ గడువులో డాక్టరు నన్నొక టీచరమ్మ దగ్గరికి పంపారు. ఏడేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్నావిడ. నాకు నాలుగు ఇడ్లీలు పెట్టి, తను సగం ఇడ్లీ ముందేసుకుని కూర్చుంది. గోరంత తుంచి, నమిలి, చెయ్యి పళ్లెం అంచున ఆనించి ఆగుతుంది. మళ్లీ తుంచుతుంది. మంచినీళ్ల జోలికే పోలేదు. ఆ సగం ఇడ్లీకి ఇరవై నిమిషాలు పట్టింది. "ఆకలి తగ్గుతుందమ్మా, ఆశ తగ్గదు. బంతి భోజనంలో పక్కవాళ్లు పెరుగులోకి వచ్చేసరికి నువ్వింకా పప్పు దగ్గరే ఉంటావు. అది ఒప్పుకోగలవా చూసుకో" అంది. నేను నా నాలుగు ఇడ్లీలూ తిన్నాను. తింటూనే ఒప్పుకున్నాను.

బీమా వాళ్లు పాత ప్రయత్నాల కాగితాలు అడిగారు. నా ఓటములన్నిటికీ రసీదులు దాచుకోవడం ఒక్కసారైనా పనికొచ్చింది.

ఆపరేషన్ కంటే ఆ తరువాతి పదిహేను రోజులే కష్టం. అన్నీ ద్రవాలే, అదీ గుక్కెడు గుక్కెడు. దగ్గుమందు సీసా మూతతో కొలుచుకుని తాగుతుంటే, ఇంటి నుంచి అమ్మ కొంగుచాటున ఏదో తెచ్చింది. చూస్తే నా ఉగ్గుగిన్నె! వెండి నల్లబడి, మూతి దగ్గర చిన్న సొట్ట. అందులో తేరుకున్న చారు పోసి, "చిన్నప్పుడు ఇంత పేచీ పెట్టలేదు నువ్వు" అంటూ అందించింది. ఆ చారు రుచి గురించి రాయడం నా వల్ల కాదు.

నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడింది. మళ్లీ వచ్చింది కానీ, ఆ రెండు నెలలూ అద్దం చూడలేదు. ఇప్పటికి ఏడాదిన్నర, 76 కిలోలు. మళ్లీ పరీక్ష చేసి నిద్ర యంత్రం అక్కర్లేదన్నారు. మూడు మాత్రలు ఒకటైంది. మోకాళ్లు మాత్రం మెట్లెక్కితే ఇంకా సలుపుతాయి.

మొన్న సంక్రాంతికి ఒక అరిసె మొత్తం తిన్నాను. పావుగంటలో గుండె దడ, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఈ ఆపరేషన్ అయ్యాక తీపి ఒక్కసారిగా తింటే ఇంతే. చాప మీద వాలిపోయాను. అమ్మ విసనకర్రతో విసురుతూ, "కోయించుకున్నా నోరు కట్టుకోవాల్సిందేగా!" అంది. జవాబు చెప్పే ఓపిక లేక తల ఊపాను.