కుక్కకి మెట్లు: ముందు దిగడం నేర్పండి

బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్ళు అద్దెకుండే బిల్డింగులు చాలావరకు ఒకే తీరు. కింద పార్కింగ్, పైన మూడు నాలుగు అంతస్తులు. లిఫ్టు ఉన్నా కరెంటు పోతే మెట్లే గతి. కుక్కపిల్లని మొదటి నెలల్లో చంకన వేసుకుని తిప్పేస్తాం. అదే ల్యాబ్రడార్ ఆరు నెలలకల్లా ఇరవై కిలోలకు చేరుతుంది. అప్పుడు మనం ఎత్తలేం, అది దిగదు.

చాలామంది ఎక్కించడంతో మొదలుపెడతారు. ఎక్కడం దానికి పెద్ద కష్టం కాదు, వెనకకాళ్ళతో తోసుకుంటూ పోతుంది. చిక్కంతా దిగడంలోనే. మామూలుగా నిలబడినప్పుడే ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీద ఉంటుంది. తల వంచి దిగబోతే ఇంకా ముందుకు వాలిపోతుంది. అందుకే హుషారుగా మేడ దాకా ఎక్కేసిన కుక్క పైనే నిలబడిపోయి మూలుగుతుంది. అలా ఒక్కసారి చిక్కుకుపోయినా చాలు, ఆ భయం పోగొట్టడానికి వారాలు పడుతుంది. కాబట్టి దిగడమే ముందు నేర్పాలి, అదీ అన్నిటికన్నా కింది మెట్టు నుంచి.

అంతకన్నా ముందు మెట్లని చూసుకోండి. బయట గరుకుగా వదిలేసిన సాదరహళ్ళి రాయి అయితే పట్టు బాగుంటుంది. లోపలి పాలిష్ గ్రానైట్ మీద మాత్రం కుక్క పాదం నిలవదు. మెట్టు అంచున రెండంగుళాల వెడల్పు యాంటీ స్లిప్ టేపు అంటించండి, ముందు తడి, దుమ్ము, జిడ్డు లేకుండా తుడవాలి. టేపు పసుపు రంగుదైతే మేలు. కుక్కలకి పసుపు, నీలం బాగా తెలుస్తాయి, ఎరుపు మసగ్గా ఉంటుంది. నల్ల గ్రానైట్ మీద నల్ల టేపు వేస్తే పట్టు వస్తుంది గానీ అంచెక్కడో దానికి కనపడదు. ఊరికే పరిచిన డోర్ మ్యాట్ వద్దే వద్దు, అది జారితే అసలు మ్యాట్ లేకపోవడం కన్నా ప్రమాదం. పొద్దున్నే మెట్లు కడిగాక, సాయంత్రం వాన జల్లు కొట్టాక పూర్తిగా ఆరేదాకా ఆగండి.

పాదాలూ చూడండి. నడుస్తుంటే నేల మీద టకటకమని చప్పుడొస్తే గోళ్ళు పెరిగినట్టే. షిట్జూ, గోల్డెన్ రిట్రీవర్ లాంటివాటికి పాదం మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించాలి.

మూడు నెలల్లోపు పిల్లని మాత్రం ఎత్తుకునే తిప్పండి. నార్వేలో నాలుగు పెద్ద జాతుల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ వయసులోపే మెట్లు ఎక్కిదిగిన పిల్లలకి తుంటి కీలు సరిగా అమరకపోయే ముప్పు ఎక్కువగా కనిపించింది. డాక్స్‌హండ్ లాంటి పొడుగు నడుము కుక్కలకి వెన్నుపూసల మధ్య డిస్కు జబ్బు తేలిగ్గా వస్తుంది కాబట్టి, వాటికి ఏ వయసులోనూ మెట్లు అలవాటు చేయకపోవడమే మంచిది.

ఇక నేర్పడం. మెడపట్టీ కాదు, ఛాతీకి పట్టే హార్నెస్ వేయండి. ఉడికించిన చికెనో పనీరో శనగగింజంత ముక్కలు ఇరవై దాకా చేతిలో ఉంచుకోండి. కుక్కని ఎత్తి కింది మెట్టు మీద నేల వైపు తిప్పి నిలబెట్టి, ముక్కని నేల మీద ఒక అడుగు దూరంలో పెట్టండి. మెట్టుకి ఆనించి పెడితే తల కిందకి, ఒళ్ళు పైకి అయి బోర్లా పడుతుంది. నాలుగైదుసార్లు దిగాక అదే మెట్టు ఎక్కించండి. అంతే, ఆ పూటకి చాలు. ఐదు నిమిషాలు దాటొద్దు, రోజుకి రెండుసార్లు. ఒక మెట్టు మీద తడబాటు పూర్తిగా పోయాకే రెండోది. అప్పుడు ప్రతి మెట్టు మీదా ఒక ముక్క ఉండాలి, లేకపోతే చివరి రెండు మూడు మెట్లూ ఒక్క దూకుతో దాటేయడం అలవాటవుతుంది. భుజాలు, మణికట్లు దెబ్బతినేది అక్కడే.

మీరెప్పుడూ దానికన్నా ఒక మెట్టు కిందే ఉండాలి, ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా. తాడు వదులుగా ఉండాలి. లాగారంటే అది వెనక్కి బిగుస్తుంది, ఆ బిగుపులోనే కాలు జారుతుంది. తినే వస్తువు గాల్లో ఎత్తి చూపించినా అంతే, తల పైకి లేచి మెట్టు కనపడదు. ముక్క మెట్టు మీదే పెట్టండి.

పెదాలు నాక్కోవడం, ఆవులించడం, చెవులు వెనక్కి వాల్చడం, ముఖ్యంగా ఇష్టమైన చికెన్ కూడా వద్దనడం కనిపిస్తే మనం తొందరపడ్డామని అర్థం. ఒక మెట్టు వెనక్కి రండి. పగ్, షిట్జూ లాంటి చిన్నవాటికి ఏడంగుళాల మెట్టు అంటే ఛాతీ ఎత్తు గోడ. ఇటుక మీద గట్టి పలక కదలకుండా పెట్టి మూడంగుళాలతో మొదలుపెట్టండి. మేడ మీదికి వేసే ఇనుప మెట్లకి వెనక ఖాళీ ఉంటుంది, ఆ సందులోంచి కింద అంతా కనిపించి కుక్క బెదురుతుంది. అట్టముక్కలు కట్టి మూసేస్తే చాలావాటికి బెదురు తగ్గుతుంది. గుండ్రంగా తిరిగే మెట్లు నేర్పకండి.

బాగా ఎక్కిదిగే కుక్క ఉన్నట్టుండి మొరాయిస్తే అది మొండితనం కాదు, నొప్పి. గోరు చీలిందేమో, కాలివేళ్ళ మధ్య పుండేమో చూడండి. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్ళు నొప్పెట్టి నీరసపడుతుంది. బలవంతం చేయకుండా డాక్టరుకి చూపించండి. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో ఆసుపత్రి ఉంది.

ముసలి కుక్కకైతే పొట్ట కింద, వెనకకాళ్ళకి ముందు, పొడుగాటి తువ్వాలు వేసి రెండు చివర్లూ పట్టుకుని నడుముకి ఆసరా ఇవ్వండి. లిఫ్టులో కుక్కని ఎక్కనివ్వబోమని అపార్ట్‌మెంట్ సంఘం అడ్డుపడితే, అలా నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీ చేతిలో పెట్టండి.