అద్దంలోకి దిగే పసుపు

అమలాపురంలో ఓ ఇంటి పూజగది తలుపుకి నేను చేసిచ్చిన గజలక్ష్మి బొమ్మ గాజు అద్దం చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఆ పసుపు ఏ కంపెనీ రంగమ్మా?" అది రంగు కాదండీ, వెండి.

గాజు మీద బొమ్మల గీతలకీ నీడలకీ వాడే నల్లరంగులో గాజుపొడి ఉంటుంది. కాల్చితే కరిగి అద్దం మీద అతుక్కుంటుంది. వెండి మందు తీరే వేరు. సిల్వర్ నైట్రేట్ లాంటి లవణాన్ని ఓకర్ అనే రంగుమట్టిలో కలిపి, అద్దానికి పట్టించి కాలిస్తే, వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి కణాలు) గాజులోపలికి దిగి, అందులోని సోడియం చోటులో కూర్చుంటాయి. అక్కడే కంటికి ఆనని రేణువులవుతాయి. పసుపు వాటి వల్ల వచ్చేదే, అందుకే గోటితో గీకినా పోదు. పైన మిగిలిన మట్టిని తడిగుడ్డతో తుడిచేయడమే. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం అదే.

ఫ్రాన్స్‌లోని నార్మండీలో, లె మెనిల్ విల్‌మాన్ అనే ఊరి చర్చిలో 1313 నాటి కిటికీలో ఈ పసుపు ఉంది. ఈజిప్టు గాజు పనివాళ్లకి అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే తెలుసు. ఇది లేకపోతే తెల్లటి ముఖానికీ పసుపు కిరీటానికీ వేర్వేరు ముక్కలు కోసి, వాటిని కలపడానికి మధ్యలో సీసం పట్టీ వేయాల్సిందే. మా లక్ష్మి నుదుటి మీద ఆ నల్లగీత లేదంటే ఇదే కారణం.

ఇక కోనసీమలో అసలు పేచీ నీళ్లతోనే. సముద్రం దగ్గరపడేకొద్దీ మా బోర్లలో ఉప్పదనం ఎక్కువ. ఆ నీళ్ల చుక్క సిల్వర్ నైట్రేట్‌లో పడిందా, పాలు విరిగినట్టు తెల్లగా అయిపోతుంది. ఉప్పులోని క్లోరైడ్ వెండిని పట్టేసుకుంటుంది మరి. సిల్వర్ క్లోరైడ్‌తోనూ పసుపు వస్తుంది గానీ, ఇలా సగంసగం విరిగితే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్ తప్ప వాడను. చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి. ఓటేసినప్పుడు వేలికి పెట్టే సిరాలో ఉండేదీ ఈ సిల్వర్ నైట్రేటే. ఆ మచ్చ ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. బ్రష్‌కి ఇనప పట్టీ ఉంటే దాన్ని తినేస్తుంది, కాబట్టి ఈ మందుకి బ్రష్‌లు విడిగా పెట్టుకోవాలి.

గీతలూ నీడలూ ముందువైపు వేసి, 650 డిగ్రీల పైన కాల్చేశాకే వెనకవైపు వెండి మందు పూస్తాను. తడి ఉండగానే వెడల్పు మెత్తటి బ్రష్‌తో అటూ ఇటూ సర్ది, పొర ఒక్క తీరుగా చేయాలి. వానాకాలంలో ఇది ఓ పట్టాన ఆరదు. మందు అంచులకి జారి అక్కడ ముదురు గీత కడుతుంది. ఫ్యాన్ కింద పెట్టడమే మార్గం. ఆరాక తామర రేకుల కొసల దగ్గర పొడి బ్రష్‌తో పల్చగా దులిపేస్తే, మొదట్లో ముదురుగా ఉన్న పసుపు కొసకొచ్చేసరికి తేలిపోతుంది. మాస్క్ లేకుండా మాత్రం దులపకండి.

షాపులో దొరికే ఫ్లోట్ గ్లాస్‌కి ఒకవైపు తయారీలో కరిగిన తగరాన్ని తాకి ఉంటుంది. అటువైపు పూస్తే పసుపు గోధుమరంగులోకి దిగుతుంది. షార్ట్‌వేవ్ యూవీ లైటు వేసి చూస్తే తగరం వైపు పాలరంగులో మెరుస్తుంది.

వెండి మందుకి వేడి 540 నుంచి 620 డిగ్రీల మధ్య, గాజునిబట్టి. అదే షీటులోంచి చిన్న ముక్క కోసి ముందు కాల్చి చూడాలి. సాయంత్రం రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) తిరగడం మొదలైతే మా వోల్టేజ్ పడిపోతుంది, గాజు కాల్చే కరెంటు కొలిమి, అదే కిల్న్, వేడెక్కదు. టెన్షన్ ఎందుకని పొద్దున్నే పెట్టేస్తాను. వేడి మరీ ఎక్కువైతే పైన లోహపు మెరుపొచ్చి పసుపు మురికిగా కనిపిస్తుంది.

"ఇంకా బంగారంలా రావాలమ్మా" అంటారు. నేను ఒప్పుకోను. పూజగది తలుపు వెనక వెలుగు తక్కువ. ముదురు పసుపు రాత్రికి మట్టిరంగే. నిమ్మపండు రంగు దగ్గర ఆగితే చిన్న బల్బుకి కూడా వెలుగుతుంది.

లేత నీలం గాజు మీద ఇదే మందు వేస్తే ఆకుపచ్చ వస్తుంది. రాజోలు వాళ్లు కిటికీకి కొబ్బరిచెట్లు అడిగారు. ఆకాశం, ఆకులు ఒకే నీలం ముక్క మీద చేద్దామని అడిగాను. ఫోన్ చేస్తామన్నారు.