వాల్వు మార్చాక వచ్చిన తిప్పలు

మా చిన్నప్పుడు గొంతునొప్పికి ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు కాదు. ఉప్పునీళ్లు పుక్కిలించడం, మిరియాల పాలు తాగడం, అంతే. నాకు తొమ్మిదో పదో ఏట అలాంటి గొంతునొప్పి వచ్చి తగ్గాక మోకాళ్లు, చీలమండలు వాచి లేవలేకపోయాను. కీళ్లజ్వరం అన్నారు, మందులు వాడారు, తగ్గింది. అది గుండెలో ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వును పాడుచేసిందన్న సంగతి రెండో కాన్పు నాటికి గానీ బయటపడలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అప్పుడు తొడ దగ్గర రక్తనాళం గుండా బెలూన్ పంపి సన్నబడ్డ వాల్వును తెరిచారు. చాలా ఏళ్లు దానితోనే నెట్టుకొచ్చాను, ఖమ్మం దగ్గర బడిలో పాఠాలూ చెప్పుకున్నాను. మళ్లీ సన్నబడి, లీకేజీ కూడా తోడయ్యాక ఇక మార్చక తప్పదన్నారు.

జంతు కణజాలంతో చేసిన వాల్వయితే కొన్నేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. మెటల్ వాల్వయితే చాలాకాలం ఉంటుంది గానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. నా వయసు చూసి మెటల్‌దే మంచిదన్నారు. ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. దాని గురించి నేను చెప్పగలిగిందేమీ లేదు, మత్తులో ఉన్నాను కదా. అసలు కథ తర్వాతే మొదలైంది.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక ఓ రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. మానిటర్ మీద అంకె 150 దగ్గర ఎగిరెగిరి పడుతోంది. నర్సు పరుగున వచ్చి ఈసీజీ తీసి, "కంగారు పడకండమ్మా, వాల్వు ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఇట్లా అవుతుంది, మందుంది" అంది. గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారట. ఎమియోడరోన్ అనే మందు సెలైన్‌లో ఎక్కించారు, తెల్లారేసరికి లయ కుదుటపడింది. అదే మందు మాత్రలుగా రాసిచ్చి, రక్తం పలచబడే ఎసిట్రామ్ మాత్రతో పాటు వాడమని ఇంటికి పంపారు.

ఇంట్లో మొదటి రోజులు అందరికీ ఎలా గడుస్తాయో నాకూ అలాగే గడిచాయి. దగ్గొస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గడం, మూడు బంతుల డబ్బాతో ఊపిరి లాగడం, వెల్లకిలా తప్ప పడుకోకపోవడం. రాత్రిళ్లు ఇల్లంతా సద్దుమణిగితే నా వాల్వు టిక్కుటిక్కు నాకే వినపడేది. మా చిన్నవాడు "అమ్మా, నీకు దొంగతనంగా దాక్కోవడం కుదరదు ఇక" అని నవ్వించేవాడు. నవ్వితే ఆపరేషన్‌కు కోసిన రొమ్ము ఎముక నొప్పి.

కొన్నాళ్లకు అన్నం సయించడం మానేసింది. వికారం, నీరసం. మూత్రం తగ్గింది. వెన్ను వాలిస్తే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయం. చూడ్డానికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: రక్తం తగ్గింది, దానిమ్మ రసం తాగు. మా అత్తమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "నిన్నటిదాకా నడిచిన పిల్ల ఇయాల బాత్రూముకు పోలేకపోతే అది నీరసం ఎట్లయితది?" అని మా ఆయన్ని పట్టుబట్టి ఆసుపత్రికి ఫోన్ చేయించింది. వాళ్లు వెంటనే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించమన్నారు.

ఖమ్మంలోనే తీయించాం. తీస్తున్న డాక్టరు మాట్లాడడం ఆపేశాడు. గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరి గుండెను నొక్కేస్తోంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేస్తే 6 దాటింది. నా వాల్వుకు ఉండాల్సింది 2.5 నుంచి 3.5 మధ్య. మామూలు మనిషికి 1 చుట్టుపక్కల ఉంటుంది. అంటే రక్తం మరీ పలచబడి లోపల కారుతోందన్నమాట. రాత్రికి రాత్రి అంబులెన్సులో సూర్యాపేట మీదుగా హైదరాబాదు. వెల్లకిలా పడుకోలేను కాబట్టి దారంతా కూర్చునే ఉన్నాను, మా ఆయన నా వీపుకు తన భుజం ఆనించి.

ముందు రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే ప్లాస్మా ఎక్కించారు. తర్వాత రొమ్ము ఎముక కింద మత్తిచ్చి సన్నటి గొట్టం లోపలికి పంపారు. సంచిలోకి చిక్కటి చింతపండు పులుసు రంగులో ద్రవం దిగడం మొదలైంది. అది దిగుతున్నకొద్దీ నాకు ఊపిరి అందుతోంది. అప్పటిదాకా పడిపోయిన బీపీ నా కళ్లముందే మానిటర్ మీద లేచింది.

ఎందుకిలా అయిందో మర్నాడు రౌండ్స్‌లో చిన్న డాక్టరు ఒకాయన కూర్చుని చెప్పాడు. ఎసిట్రామ్‌ను కాలేయం విరగ్గొట్టి బయటికి పంపాలి. ఎమియోడరోన్ ఆ పనిని మందగింపజేస్తుంది. దాంతో అదే మోతాదు మాత్ర రోజురోజుకీ ఎక్కువ మాత్రలా పనిచేస్తుంది. ఆపరేషన్‌తో అప్పటికే రేగి ఉన్న పొర, దానికి పలచటి రక్తం తోడు. ఇంకేముంది! ఈ రెండు మందులూ కలిపి ఇచ్చినప్పుడు మోతాదు తగ్గించుకుంటూ, ఐఎన్ఆర్ తరచూ చూసుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు మాకిచ్చిన కాగితంలో రెండు మందుల పేర్లూ ఉన్నాయి, ఈ ఒక్క ముక్క లేదు. సంతకాలకు ముందు గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట అది. నాకు ఇప్పటికీ కోపమే.

అంతటితో టెన్షన్ తీరిందా అంటే లేదు. మాత్ర ఆపితే కొత్త వాల్వు మీద గడ్డ కట్టి అది బిగుసుకుపోవచ్చు. ఆపకపోతే మళ్లీ కారవచ్చు. కొద్దిరోజులు మాత్ర ఆపి, గొట్టం తీశాక రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే మందు డ్రిప్ పెట్టారు. అవసరమైతే దాన్ని త్వరగా ఆపేయొచ్చట. తర్వాత మాత్రను సగం ముక్కతో మళ్లీ మొదలుపెట్టారు.

ఈసారి ఇంటికొచ్చాక ఒళ్లు కన్నా మనసు ఎక్కువ ఇబ్బంది పెట్టింది. టీవీలో వంటల కార్యక్రమం చూస్తూ ఏడ్చేదాన్ని. పెద్ద గుండె ఆపరేషన్ల తర్వాత ఇది మామూలేనని, మందులున్నాయని చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి ఇంకాస్త ముందు తీసుకెళ్తే బాగుండేది. అందరూ కుట్ల గురించి అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు.

ఇక తిండి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఎసిట్రామ్‌కు అడ్డుపడుతుందని బంధువులు వాటిని పూర్తిగా మానిపించారు. డైటీషియన్ అది కాదంది. మానొద్దు, ఒక వారం గిన్నెడు, ఇంకో వారం సున్నా అనకుండా ఎప్పుడూ ఒకే కొలతలో తినండి అంది. అత్తమ్మ ఇప్పుడు గోంగూర పచ్చడి చెంచాతో కొలిచి వడ్డిస్తుంది. ఒంటినొప్పులకు మందుల షాపువాడు ఏదిచ్చినా పుచ్చుకోను, పారాసిటమాల్ తప్ప. ఐఎన్ఆర్ అంకెలు, మాత్ర మోతాదు ఒక నోటుబుక్కులో రాస్తాను.

లయ నిలకడగా ఉండడంతో కొన్నాళ్లకు ఎమియోడరోన్ ఆపేశారు. ఒంట్లోంచి దాని ప్రభావం పోవడానికి నెలలు పడుతుందట. అది తగ్గేకొద్దీ ఐఎన్ఆర్ కిందికి జారింది, ఎసిట్రామ్ మోతాదు మళ్లీ పెంచుకుంటూ వచ్చారు. ఈసారి ఆ సంగతి మాకు ముందే తెలుసు, అడిగి తెలుసుకున్నాం.

బడికి వెళ్తున్నాను. కుర్చీ వేయించుకున్నాను, పిల్లలు అలవాటుపడ్డారు. వచ్చే నెల దవడపన్ను ఒకటి తీయించుకోవాలి. వాల్వుకు ఇన్ఫెక్షన్ సోకకుండా గంట ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి, ఎసిట్రామ్ నా అంతట నేను ఆపకూడదు. పళ్ల డాక్టరు, గుండె డాక్టరు ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నాకే తేదీ పెట్టమని చెప్పి వచ్చాను.