చేపల్లో కార్టిసాల్ కొలవడం: నా అనుభవం

కలుషిత నీళ్లలో ఉన్న చేప ఎంత ఒత్తిడిలో ఉందో తెలియాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి. చిక్కంతా అక్కడే. వల నీళ్లలో పడగానే మెదడు నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కణ్ణుంచి తల కిడ్నీలో (కిడ్నీ ముందు భాగంలో) కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తయారుచేసే ఇంటర్‌రీనల్ కణాలకి కబురు వెళ్లిపోతుంది. కొన్ని నిమిషాలు ఆలస్యమైతే చాలు, రక్తంలో కనబడే కార్టిసాల్ మన వల పుణ్యమే.

నా పరిశోధనలో కాడ్మియం అనే విషలోహం కలిపిన నీళ్లలో ఉంచిన కార్ప్ చేపలు ఒక వైపు, శుభ్రమైన నీళ్లలోవి ఒక వైపు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ట్యాంకులకి చేపలు అలవాటు పడటం, ఇవన్నీ ఓపికతో గడిచిపోయాయి. భయమంతా రక్తం తీసే రోజు గురించే.

కార్టిసాల్ వేళని బట్టి మారుతుంది, అందుకే రెండు గుంపులకీ ఉదయం ఒకే వేళ పెట్టుకున్నాం. మత్తుకి ఎంఎస్-222. అది నీళ్లని ఆమ్లంగా మారుస్తుంది, దాంతో చేప ఇంకా బెదురుతుంది. ముందే సోడియం బైకార్బొనేట్ వేసి సరిచేశాం. ఒకరు చేపని మత్తునీళ్లలో వేస్తే, ఇంకొకరు గడియారం చూసేవారు. సిరంజి నాది. చేప ఒరిగిపోయి, తోక నొక్కినా కదలకపోతే తడిబట్ట మీద పెట్టి, తోక మొదట్లో కడుపు వైపు మధ్యగీత మీద సూది దించేదాన్ని. వెన్నెముక తగలగానే రవ్వంత వెనక్కి తీస్తే, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూసిన సిరంజిలోకి ముదురు రక్తం వస్తుంది. తొందరపడి గట్టిగా లాగితే సిర మూసుకుపోతుంది. మూడు నిమిషాలు దాటిన చేపని లెక్కలోంచి తీసేయాలని ముందే రాసి పెట్టుకున్నాం.

తర్వాత రక్తం నుంచి ప్లాస్మా వేరుచేయడానికి సెంట్రిఫ్యూజ్, దాచడానికి ఫ్రీజర్, ఆపైన రంగుని బట్టి హార్మోన్ కొలిచే ఎలైజా పరీక్ష. కార్టిసాల్ అణువు మనిషిలోనూ చేపలోనూ ఒకటే కాబట్టి మనుషుల కోసం చేసిన కిట్టు వాడుకోవచ్చు. కాకపోతే చేప ప్లాస్మాని పలచన చేస్తూ పోయినప్పుడు వచ్చే గీత, తెలిసిన మోతాదులతో గీసిన స్టాండర్డ్ గీతకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. ఈ ఎలైజాలో రంగు ముదిరిందంటే హార్మోన్ తక్కువని అర్థం. కొత్తవాళ్లకి ప్లేటు చూడగానే తికమకే.

ఫలితాలు చూస్తే రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. అప్పుడు మేం అంతదాకా తప్పించుకున్న పనే కావాలని చేశాం: కొన్ని చేపల్ని అరగంట వలలోనే ఇరుకుగా ఉంచి రక్తం తీశాం. శుభ్రమైన నీళ్ల చేపల్లో కార్టిసాల్ ఎగబాకింది. కాడ్మియం చేపల్లో సగం కూడా లేవలేదు. 1992లో కెనడా పరిశోధకులు పాదరసం, పీసీబీలనే పారిశ్రామిక విష రసాయనాల వంటివాటితో కలుషితమైన చోట్ల పట్టిన పెర్చ్, పైక్ చేపల్లోనూ ఇలాంటి నీరసమైన స్పందననే చూశారు. అందుకే విశ్రాంతిలో తీసిన ఒక్క అంకె చూపించి "చేపలు బాగానే ఉన్నాయి" అనే రిపోర్టుని నేను నమ్మను.

లోపం ఇంటర్‌రీనల్ కణాల్లోనా, పైనుంచి వచ్చే కబురులోనా అన్నది ఈ పరీక్షతో తేలదు. అందుకు ఏసీటీహెచ్, అంటే పిట్యూటరీ ఆ కబురుగా పంపే హార్మోన్, ఇంజెక్షన్ ఇచ్చి చూడాలి. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను.