పుల్ల దాటిన గోదారి

పొద్దున్నే లేచి నేను ముందు చూసేది ఫోన్ కాదు, పుల్ల. రాత్రి పడుకోబోయే ముందు నీటి అంచున ఒక వెదురు పుల్ల పాతి వస్తాను. ఇవాళ చూస్తే అది నీళ్లలో ఉంది. బెత్తెడు మునిగింది, అంతే. కానీ దాని ఇవతల పది అడుగుల ఇసుక నల్లగా తడిసిపోయింది.

"బెత్తెడే కదా బాబాయ్" అన్నాను, లాంచీ తాడు విప్పుతున్న సరంగుతో.

"నిటారుగా బెత్తెడు రా. పడుకోబెట్టి కొలువు" అన్నాడు.

పాపికొండలకు ఎగువన, ఇసుక తిన్నె మీద వేసిన వెదురు గుడిసెల్లో మా కాపురం. పోచవరం నుంచి లాంచీలో జనం వస్తారు, ఒక రాత్రి ఉండి పోతారు. మేము మాత్రం చలికాలం నుంచి ఇక్కడే. అప్పుడు నీళ్లు ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉంటాయి. వేసవి ముదిరేకొద్దీ గోదారి వెనక్కి జరుగుతుంది. మే నెలలో లాంచీ దిగిన చోటు నుంచి గుడిసె దాకా కాలే ఇసుకలో సామాన్లు మోసుకురావడం, బిందెలతో నీళ్లు తేవడం, అదో పెద్ద చాకిరీ. "మరీ ఇంత దూరమా?" అని వచ్చినవాళ్ల విసుగు. ఇప్పుడు జూన్ చివర. గోదారే గుమ్మం ముందుకొచ్చింది. "మరీ ఇంత దగ్గరా?" అని వాళ్లకు టెన్షన్.

వింత ఏంటంటే ఇక్కడ చినుకు పడి నాలుగు రోజులైంది. ఎండ మాడ్చేస్తోంది. అయినా నిన్న మధ్యాహ్నం నుంచి ఎర్రనీళ్లు మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబంలో చిన్నపిల్లాడు అదే అడిగాడు, వాన లేకుండా నీళ్లెలా పెరుగుతాయని. ఎక్కడో మహారాష్ట్రలో పడితే ప్రాణహిత తెస్తుంది, ఛత్తీస్‌గఢ్‌లో పడితే ఇంద్రావతి తెస్తుంది, మన పైనే కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇది ఎవరి వాన అంకుల్?" అన్నాడు. ఏం చెప్పను? సీసాలో పట్టుకున్నాడు. వాళ్లు బయల్దేరే వేళకు సీసా అడుగున వేలెడు మందాన ఒండ్రు పేరుకుంది. పైనేమో టీ రంగు నీళ్లు. బడిలో చూపిస్తాడట.

పదింటికి భద్రాచలం నుంచి ఫోన్. అక్కడ 14 అడుగులట. టీవీల్లో ఎవరూ దాని ఊసెత్తరు. 43 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ లెక్క ఊళ్ల కోసం. మేము 43 దాకా ఆగితే ఇక్కడ గుడిసె కాదు, తిన్నె కూడా కనిపించదు. అందుకే నాకు పుల్ల మీదే నమ్మకం.

2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. అప్పటికే మా సామానంతా ఊళ్లోకి చేర్చాం, ఇక భయం లేదనుకున్నాం. ఆ నీళ్లు ఊళ్లోకే వచ్చాయి. కొండెక్కి టార్పాలిన్ల కింద గడిపాం. 1986లో 75.6 అడుగులు చూసిన ముసలాళ్లు ఆ టార్పాలిన్ కింద కూడా "ఇదేం వరద!" అన్నారు. ఎంత నీళ్లొచ్చినా మనవాళ్లకు పాతదే గొప్ప. అయితే పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్, అంటే ప్రాజెక్టు పని కోసం నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట, కట్టాక వరద తొందరగా తీయడం లేదని మాత్రం అందరూ ఒకే మాట అంటారు.

ముందు వరస గుడిసెలు మూడూ మధ్యాహ్నం విప్పేశాం. తడికలు చుట్టి, వాసాలు కట్టలు కట్టి, జనరేటర్‌ను నలుగురం కలిసి గట్టు మీదికి ఈడ్చాం. వంటపాక మాత్రం రేపటికి ఉంచాం. సాయంత్రం ఏదో దుంగ కొట్టుకొస్తుంటే మా కుర్రాడు నాటు పడవేసుకుని పోబోయాడు. బాబాయ్ కేకలేసి ఆపాడు. వంటచెరకు కోసం నడుమ సుడిలోకి పోతారా ఎవరైనా!

రాత్రి చేపల పులుసు. బొచ్చె దొరికింది. నలుగురమే ఉన్నాం కాబట్టి మిగిలింది కూడా.

ఇది రాస్తుంటే తిన్నె అంచు ఎక్కడో విరిగి దబ్బుమంది. పెరిగే నీళ్లు చప్పుడు చెయ్యవు, కింద ఇసుక కోసుకుపోయాకే తెలుస్తుంది. ఇందాక తొమ్మిదింటికి పాతిన పుల్ల లైటు వేస్తే కొస మాత్రం ఆడుతూ కనిపించింది. మళ్లీ దబ్బుమంది, ఈసారి వంటపాక వైపు. బాబాయ్ కూడా లేచినట్టున్నాడు, బీడీ వెలుగుతోంది.

వంటపాక రేపటిదాకా ఆగేలా లేదు. వెళ్లి విప్పాలి.